ఆమె వార్తకు ఏ క్రియ పెట్టాలి

ఆమె పోయారన్న సంగతి నాకు దిద్దాల్సిన కాపీగా వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు సింకులో పడేసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బొబ్బిలి వైపు వార్తలు పంపే విలేకరి ఫోన్ చేశాడు. కుర్రవాడు, ఈమధ్యే చేరాడు. "మేడం, సిన్న వార్తొకటి పంపినాను, సూడండి. ఎవలో పాత సబ్ ఎడిటరంట. మా పక్కూరే. రిటైరైపోయి శానా కాలమైనాదంట. మనోలే కదా అని రాసినాను. కుదిరితే ఎట్టండి, నేదంటే నేదు" అన్నాడు. సరేనని ఫైల్ తెరిచాను. మొదటి వాక్యంలోనే మా ఇన్‌ఛార్జి పేరుంది. ఇంటిపేరుతో సహా సరిగ్గా రాశాడు. పేరు తప్పు రాసి ఉంటే బాగుండును, ఇంకెవరో అనుకుని ఇంకో నిమిషం బతికేదాన్ని.

పేరు ఇక్కడ రాయను, మా ఇన్‌ఛార్జి అనే అంటాను. ఉద్యోగం వదిలి ఎన్నేళ్లయినా మాకు ఆమె ఇన్‌ఛార్జే. మా పత్రిక జిల్లా పేజీలు విజయనగరంలోనే తయారయ్యే రోజుల్లో డెస్కు ఆమె చేతిలో ఉండేది. పల్లెల నుంచి విలేకరులు పంపిన కాపీని, అంటే వాళ్ల రాతను, చదివి, తప్పులు దిద్ది, శీర్షిక పెట్టి పేజీలోకి పంపడం మా పని. నాకు ఆ పని నేర్పింది ఆమె. ఇందులో గొప్పేమీ లేదు, పేరూ రాదు. బాగా చేస్తే మేమున్నామనే మీకు తెలియదు. ఒక్క అక్షరం తప్పు పడితే మాత్రం తెల్లారేసరికి ఊరంతా ఫోన్లు చేస్తుంది. ఈ జిల్లాల్లో ఉండేవారు ఏళ్ల తరబడి పొద్దున్నే కాఫీ తాగుతూ ఆమె దిద్దిన వాక్యాలు చదివారు. ఆమె పేరు మాత్రం ఎక్కడా చూసి ఉండరు.

పేరు, వయసు, ఊరు తీసేస్తే కుర్రవాడు పంపిన వార్త ఇది.

"సీనియర్ పాత్రికేయురాలు, అక్షర తపస్విని అయిన వీరు తీవ్ర అనారోగ్యంతో బాధపడుతూ మృత్యువుతో పోరాడి తుదిశ్వాస విడవడం జరిగింది. ఈమె మృతి పత్రికా రంగానికి తీరని లోటు అని పలువురు పేర్కొన్నారు. స్వగ్రామంలో బంధుమిత్రుల అశ్రునయనాల మధ్య అంత్యక్రియలు నిర్వహించడం జరిగింది. ఈమె అవివాహితురాలు."

అంత్యక్రియలు అయిపోయాయని కూడా నాకు మూడో వాక్యం చదివితేనే తెలిసింది. వెంటనే కుర్రవాడికి ఫోన్ చేశాను. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడిగాను. "ఇజీనారం ఆస్పత్రిలోనేనంట మేడం. గుండె. తెల్లారగట్ల ఊరికి తీసుకొచ్చీసినారు. ఎండెక్కకముందే అయిపోనాది. ఏటి మేడం, మీకు తెల్సినోలా?" అన్నాడు. తెలుసునన్నాను. ఎలా తెలుసో చెప్పడం నాకు చేతకాలేదు.

విజయనగరంలో ఆ ఆస్పత్రి మా ఇంటికి ఎంతో దూరం లేదు, ఆటో ఎక్కితే టీ చల్లారేలోపు చేరతాను. అయినా నాకెవరూ కబురు పెట్టలేదు. వాళ్ల మీద కోపం రాలేదు. పెట్టాలని ఎవరికి తెలుసు? మేనత్త కాదు, పెద్దమ్మ కాదు, ఇరుగూ పొరుగూ కాదు. రిటైరైన ఇన్‌ఛార్జికీ ఒక సబ్ ఎడిటర్‌కీ మధ్య ఉన్నది ఏ వరస కిందికీ రాదు. ఆఖరిచూపు లేదు, దండ వేసింది లేదు. ఆమె కోసం నేను చేయగలిగింది ఆ నాలుగు వాక్యాల వార్త ఒక్కటే. అందులో ఒక్క అబద్ధపు మాట ఉన్నా, ఒక్క మాట ఎక్కువైనా ఆమె ఊరుకోరు. ఎప్పుడైనా అనుమానం వస్తే ఆమెకే ఫోన్ చేసి అడిగేదాన్ని. ఈసారి అనుమానం ఆమె గురించే. సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి.

ముందు 'జరిగింది' మీద పడ్డాను. ఆ మాటంటే ఆమెకు ఒళ్లుమంట. మంత్రిగారు ప్రారంభించడం జరిగింది, పింఛన్లు ఇవ్వడం జరిగింది, రోడ్డు వేయడం జరిగింది. ఇలా రాసుకొచ్చిన విలేకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎవరు వేశారు రోడ్డు?" అని అడిగేవారు. అతను కాంట్రాక్టరు పేరు చెప్పేవాడు. "మరి ఆయన వేశాడని రాయొచ్చుగా. జరిగింది అంటే దానంతటదే జరిగిందని అర్థం. రేపు గోతులు పడితే ఎవరిని అడగాలి?" అనేవారు. రాసినవాడు పని చేసిన మనిషిని దాచేస్తున్నాడని ఆమె అనుమానం. చాలాసార్లు ఆ అనుమానం నిజమయ్యేది. కుర్రవాడి వార్తలో రెండు జరగడాలున్నాయి. రెండూ తీసేశాను. తీసేస్తుంటే నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆపుకోవలసిన అవసరం రాలేదు.

తర్వాత 'అక్షర తపస్విని'. ఇది ఆమె కంట పడి ఉంటే "తపస్సేమిటి, ఫ్యానుంది, కుర్చీ ఉంది, నెల జీతం ఉంది" అని ఉండేవారు. కొట్టేశాను. 'మృత్యువుతో పోరాడి' కొట్టేశాను. ఆసుపత్రిలో పడుకున్న మనిషిని మల్లయుద్ధంలోకి ఎందుకు దింపుతారని అడిగేవారామె. ఇక 'పలువురు'. ఈ పలువురు మా జిల్లాలో లేని ఊరు లేదు. ప్రతి సభలో వాళ్లే, ప్రతి చావులో వాళ్లే. "ఈ పలువురి ఫోన్ నంబర్ ఉంటే ఇవ్వండి, నేనూ మాట్లాడతాను" అనేవారు మా ఇన్‌ఛార్జి. ఫోన్ నంబర్ దొరక్కపోతే వాళ్లు ఆ రోజు పేపర్లోకి వచ్చేవారు కాదు. తీరని లోటూ అంతే. ఎవరికి లోటో పేరు పెట్టి రాయాలి, లేకపోతే వదిలేయాలి. ఈసారి పేరు పెట్టి రాయగలను, పెట్టాల్సింది నా పేరే. రాసేవాళ్లు వార్తలో తమ పేరు పెట్టుకోవడం కూడా ఆమెకు నచ్చదు.

అశ్రునయనాల సంగతి చెప్పాలి. నేను డెస్కులో చేరిన కొత్తల్లో ఎవరో నాయకుడి అంత్యక్రియల వార్త వచ్చింది. అప్పుడు డెస్కులో అయిదారుగురం ఉండేవాళ్లం. ఆమె కాపీ చదువుతూ ఆగిపోయి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "అశ్రునయనాల మధ్య అంత్యక్రియలు జరిపారట. రెండు నయనాల మధ్య ఉండేది ముక్కు కదా. అక్కడ చితి ఎలా పేర్చారో ఎవరైనా ఫోన్ చేసి కనుక్కోండి" అన్నారు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. నిజంగానే ఎవరైనా కనుక్కుంటారేమోనని చూస్తూ కూర్చున్నారు. అప్పటినుంచి ఆ మాట ఎక్కడ చదివినా నాకు దుఃఖం బదులు ముక్కు కనిపిస్తుంది. ఆమె వార్తలో కూడా అదే కనిపించింది.

ఆమె మనిషి ఎలా ఉండేవారంటే, పొట్టిగా, గట్టిగా. కాపీ చదువుతున్నప్పుడు పెదవులు కదిలేవి గానీ చప్పుడు వచ్చేది కాదు. వాక్యం ఎక్కడ తడబడితే అక్కడ పెదవులు ఆగిపోయేవి. దూరం నుంచి ఆ పెదవులు చూసి నా కాపీలో ఎక్కడ తప్పుందో పట్టుకోగలిగేదాన్ని. మధ్యాహ్నం అందరం టిఫిన్ డబ్బాలు విప్పుకుని ఒకచోట చేరితే ఆమె తన బల్ల దగ్గరే, స్టీలు గ్లాసులో చోడి అంబలి పోసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పొరుగు పత్రిక చదివేవారు. పిలిచినా వచ్చేవారు కాదు. గర్వమనుకునేవాళ్లం కొందరు. నలుగురిలో కూర్చుంటే ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదని నాకు చాలా తర్వాత అర్థమైంది. వాక్యాల గురించైతే గంటలు మాట్లాడగలరు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే "ఉంది" అనేవారు, అంతే.

కోట వెనక వీధిలో మేడ మీద ఒక వాటాలో ఒక్కరే ఉండేవారు. ఆఫీసులో ఆమె మాట అచ్చు మాట. అందరినీ మీరు అనేవారు, అటెండరునీ, నన్నూ. కోపం వస్తే మాత్రం బొబ్బిలి పక్కనున్న సొంతూరు నోట్లోకి వచ్చేసేది. ఒకసారి ఇద్దరం ఆటోలో వెళ్తున్నాం. కోట దగ్గర ఎవరిదో ఫొటో వేసి, దండ బొమ్మ వేసి, 'వర్ధంతి శుభాకాంక్షలు' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆటో ఆపించి దిగిపోయారు. ఫ్లెక్సీ కింద కుర్చీలు సర్దుతున్న మనిషి దగ్గరకు వెళ్లి, "ఏటి బాబూ, ఆయన సచ్చిపోయినందుకు మీకంత సంతోషమేటి?" అన్నారు. అతను బిత్తరపోయి పైకి చూసి, "అయ్యబాబోయ్, డిజైనోడు అలగే ఇచ్చీసినాడమ్మా, మాం సూసుకోనేదు" అన్నాడు. మర్నాడు మేం అటు వెళ్తే శుభాకాంక్షల మీద తెల్ల కాగితం అంటించి ఉంది. ఆమె ఆటోలోంచి తల బయటపెట్టి అది చూసి చిన్నపిల్లలా సంతోషపడ్డారు.

చోళ్ల గొడవ కూడా ఆమెదే. మా జిల్లాల్లో చోళ్లు అనే పంటను రాష్ట్రంలో మిగతాచోట్ల రాగులంటారు. అన్ని ఎడిషన్లలో ఒకటే మాట ఉండాలని హెడ్డాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. ఆ వారంలోనే 'పడిపోయిన రాగి ధర' అని మా పేజీలో శీర్షిక వచ్చింది. తెల్లారేసరికి రాగి బిందెలమ్మే ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. "ఎంతకి పడిపోనాదండీ? నిన్ననే సరుకు దింపించీసినాను" అని ఏడుపు గొంతుతో అడిగాడు. ఆమె ఆ ఫోన్‌ను అలాగే పట్టుకుని, ఇంకో ఫోన్‌లో హెడ్డాఫీసుకు కలిపి, "మీరే చెప్పండి ఆయనకు" అన్నారు. ఆ తర్వాత మా పేజీల్లో చోళ్లు చోళ్లుగానే ఉన్నాయి. జనం తినే తిండికి జనం పెట్టుకున్న పేరే ఉండాలనేవారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఒక సంగతి మాత్రం ఆమె ఎప్పుడు చెప్పినా నవ్వలేదు. డెస్కులో చేరిన ప్రతివాళ్లకూ మొదటి వారంలోనే చెప్పేవారు, నాకూ చెప్పారు.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక పల్లెలో బడికి వెళ్లిన పిల్ల సాయంత్రం ఇంటికి రాలేదు. ఊరంతా వెతికారు. విలేకరి ఆ తల్లి మాటను విన్నది విన్నట్టు రాసి పంపాడు, "నా గుంట ఏటైపోనాదో బాబూ" అని. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. మిగతాచోట్ల నేలలో ఉండే గుంట. పైగా మొరటు మాటని చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూస్తారు. మా ఇన్‌ఛార్జి ఆ తల్లిని చిన్నచూపు చూడకూడదనే దాన్ని దిద్దారు. "నా కుమార్తె ఏమైపోయిందో తెలియడం లేదు" అని తల్లి వాపోయినట్టు పేపర్లో వచ్చింది. పిల్ల మర్నాడు మేనత్త ఇంట్లో దొరికింది, అమ్మ తిట్టిందని అలిగి వెళ్లిందట. నాలుగు రోజుల తర్వాత ఆ తల్లి పిల్లను చేయి పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నారట అందరూ.

"ఈ మాట నానన్నానా అమ్మా?" అని పేపరు చూపించిందట. "కుమార్తె అని నా నోట ఎప్పుడూ రానేదు. కలెక్టరమ్మలాగ మాట్లాడినావేటే అని ఊర్లో నవ్వుతన్నారు. నవ్వితే నవ్వనీ. గుంట అగుపడనప్పుడు నానెంత ఏడిసినానో నాకే తెలుసు. ఇందులో ఉన్న ఏడుపు నాది కాదమ్మా. ఎవలిదో ఎట్టీసినారు."

ఆ రోజు నుంచి కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాట జోలికి ఆమె పోలేదు. మమ్మల్ని పోనివ్వలేదు. "బయట మీ ఇష్టం, ఎంత కావాలంటే అంత దిద్దండి. లోపల ఉన్నది ఇంకొకరి గొంతు. అర్థం కాకపోతే పక్కన అర్థం రాయండి, గొంతు మార్చకండి" అనేవారు. హెడ్డాఫీసు ఒప్పుకోక తిట్లు తిన్న రోజులున్నాయి. ఇది రాస్తూ కూడా నేను ఆ తల్లి మాటను ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.

ఇక అసలు సంగతి, చావు క్రియ. పేపరు భాషలో మనుషులు ఒకేలా చనిపోరు, మీరు గమనించారో లేదో. పెద్ద నాయకుడైతే అస్తమిస్తారు. డబ్బున్నవారైతే కన్నుమూస్తారు. కూలీ అయితే మృతి చెందుతాడు. కూలీ పెళ్లామైతే మృతి చెందుతుంది. ఒకసారి ఒకే పేజీలో ఒక రైసుమిల్లు యజమాని కన్నుమూశారు, కింద అదే మిల్లులో బస్తాలు మోసే మనిషి చనిపోయాడు. ఇద్దరిదీ గుండెపోటే. ఆమె రెండు కాపీలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. పెదవులు కదల్లేదు. తర్వాత ఇద్దరికీ 'మరణించారు' అని ఒకటే క్రియ పెట్టారు. సీనియర్ ఒకాయన అడ్డం వచ్చి, "కలాసీకి కూడా 'రు' ఏమిటండీ, ఎబ్బెట్టుగా ఉంటుంది" అన్నాడు. ఆమెకు ఊరు నోట్లోకి వచ్చేసింది. "సావు కాడ కూడా వరసలేటండీ? బతికినన్నాళ్లూ ఒరే అనిపించుకున్నాడు, ఈ ఒక్క రోజైనా 'రు' అనిపించుకోనీండి" అన్నారు. అప్పటినుంచి మా పేజీల్లో చనిపోయిన ప్రతివాళ్లూ 'రు'తోనే చనిపోయారు.

విజయనగరం డెస్కు ఎత్తేశాక పేజీలన్నీ విశాఖకు వెళ్లిపోయాయి. కొందరు మానేశారు, కొందరు అక్కడికి వెళ్లారు. నన్ను ఇంటి నుంచి చేయమన్నారు. అద్దెవాటాలో ముందుగది నా డెస్కు. పక్కన కూర్చుని అశ్రునయనాలకు నవ్వేవాళ్లు లేరు. అప్పటికే రిటైరైన మా ఇన్‌ఛార్జి మాత్రం రోజూ పొద్దున్న పేపరు చదివి ఫోన్ చేసేవారు. హలో లేదు, బాగున్నారా లేదు. "అయిదో పేజీ, కింద. చెరువు గండి పూడ్చారు అని ఉంది. గండి పూడ్చారా, చెరువు పూడ్చారా?" అనేవారు. నేను వాదించేదాన్ని. కొన్నిసార్లు నేనే గెలిచేదాన్ని, అప్పుడు ఆమె "ఊఁ" అని పెట్టేసేవారు. ఆ రోజంతా నాకు పండగే. ఇద్దరు ఒంటరి ఆడవాళ్లం ఎన్నో ఏళ్లు గండ్ల గురించీ, కామాల గురించీ మాట్లాడుకుంటూ గడిపేశాం. ఒకరినొకరం ఎలా ఉన్నారని అడుక్కోలేదు. ఫోన్ వచ్చిందంటే బాగున్నారని అర్థం. ఆమె పోవడానికి ముందు వారం రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు అడిగితే "పేపరు రాలేదు" అన్నారు. నేను నమ్మాను.

ఆ సాయంత్రం కొట్టేయాల్సినవి కొట్టేశాక వార్తలో మిగిలినవి ఊరు, పేరు, వయసు, ఆమె చేసిన పని, అంత్యక్రియల సంగతి. 'అవివాహితురాలు' కూడా కొట్టేశాను. మగవాడి చావు వార్తలో పెళ్లి కాలేదని ఎవరూ రాయరు. మిగిలింది క్రియ ఒక్కటే, దాని దగ్గర ఆగిపోయాను.

మాది శ్రీకూర్మం. నాన్న గుడిలో కైంకర్యం చేసేవారు. మా ఇంట్లో ఎవరు పోయినా పరమపదించారనే అనేవాళ్లు, నా చెవికి అది గౌరవమైన మాట. పెట్టి చూశాను. ఎక్కడికి వెళ్లారో మనం చూసినట్టు రాయకూడదని ఆమె అనడం గుర్తొచ్చి తీసేశాను. కన్నుమూశారు మెత్తగా ఉంది. "కళ్లు నేనూ రోజూ మధ్యాహ్నం మూస్తాను" అనేవారామె, తీసేశాను. తుదిశ్వాస విడవడం నాకే నచ్చలేదు. మృతి చెందారు అంటే పోలీసులు పంచనామా రాసినట్టుంటుంది. చనిపోయారు పెట్టాను, మళ్లీ తీసేశాను, ఎందుకో తెలియదు. విశాఖ నుంచి "మేడం, ఆ సింగిల్ కాలమ్ వస్తుందా రాదా?" అని మెసేజ్ వచ్చింది. చివరికి ఆమె అందరికీ పెట్టిన మాటే ఆమెకూ పెట్టాను. మరణించారు. పంపేశాను.

మర్నాడు వార్త వచ్చింది. కింద మూలన, ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన పక్కన. ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు, అబద్ధం లేదు. ఆమె చదివితే దిద్దడానికి ఏమీ ఉండేది కాదు. నాకు మాత్రం ఏమీ తీరలేదు. పదిసార్లు చదువుకున్నాను. అది సరైన వార్తే గానీ అందులో నేను వెతుకుతున్న మనిషి లేరు. తప్పెక్కడుందో ఫోన్ చేసి చెప్పేవాళ్లు కావాలనిపించింది.

ఆదివారం పేపరు సంచిలో పెట్టుకుని బొబ్బిలి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు. ఇల్లు అడిగితే చూపించారు. ఆమె చెల్లెలు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. అక్క పోలికే, పొట్టిగా, గట్టిగా. నల్ల కళ్లజోడు పెట్టుకున్నారు, కంటికి ఆపరేషన్ అయిందట. నేనెవరో చెప్పగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వేనా అమ్మా! మా అప్ప సెప్పీది నీ గురించి. ఆ పిల్ల తప్పులు తక్కువ సేస్తాది అనీది" అన్నారు.

అప్ప అంటే వాళ్ల వైపు అక్క. ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్న మాట నా దాకా వచ్చింది అదొక్కటే. తర్వాత చెల్లెలే మాట్లాడారు. ఆస్పత్రి సంగతి, వచ్చినవాళ్ల సంగతి, వంటల సంగతి. పొడి కళ్లతో, ఇంకెవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పుకుపోయారు. వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి మాటలు అరిగిపోయినట్టున్నాయి.

"పేపర్లో ఏసినారంట కదా. సదువమ్మా, ఇంటాను. కంట్ల మందేసుకున్నాను, అచ్చరాలు ఆనట్లేదు" అన్నారు.

పేపరు తీసి చదివాను. విశ్రాంత ఉపసంపాదకురాలు అని, పేరు, వయసు, ఫలానా పత్రికలో ఇన్నేళ్లు పనిచేశారని, విజయనగరంలో మరణించారని, అంత్యక్రియలను చెల్లెలి కుటుంబం నిర్వహించిందని. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఆమె నేర్పినట్టే చదివాను. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని శ్రద్ధగా విన్నారు. అయిపోయాక కూడా ఇంకా ఉందేమోనని నా వైపే తిరిగి ఉన్నారు.

"అయిపోయిందండీ" అన్నాను.

"ఎవులమ్మా ఈవిడ?" అన్నారు.

వినపడలేదేమోనని పేరు మళ్లీ గట్టిగా చదివాను.

"అది ఇన్నాను. ఎవులో పెద్దావిడ మరణించారు, మరణించారు అని సదువుతన్నావు. మా అప్ప గురించి ఏటి రాసినారని అడుగుతన్నాను" అన్నారు.

పేపరు మడిచి పక్కన పెట్టాను. చెప్పడానికి నా దగ్గర ఇంకో క్రియ లేదు. ఉన్నవన్నీ ఆ సాయంత్రం పెట్టి చూసి తీసేసినవే. ఆవిడ ఎదురుచూస్తున్నారు. చిన్నప్పుడు శ్రీకూర్మం వీధుల్లో ఆడుకుంటూ మాట్లాడిన మాట, డెస్కులో చేరాక నా నోట్లోంచి పూర్తిగా పోయిందనుకున్న మాట, దానంతటదే వచ్చింది.

"మీ అప్ప సచ్చిపోనాది పిన్నీ" అన్నాను.

ఆవిడ నల్ల కళ్లజోడు తీసేసి, "ఔనమ్మా, సచ్చిపోనాది. మా అప్ప సచ్చిపోనాది" అంటూ నా భుజం మీద వాలి ఏడ్చారు. కంటికి నీళ్లు తగలకూడదని డాక్టరు చెప్పాడని లోపలి నుంచి కోడలు కేకేస్తూనే ఉంది. నేనూ ఆవిడతో పాటు ఏడ్చాను, ఇంట్లో ఒక్కదాన్నే ఏడ్చినట్టు కాదు.

పక్క ఊరాయన ఎవరో గేదెల్ని తోలుకుపోతూ మమ్మల్ని చూసి ఆగాడు. "ఏటైనాదమ్మా?" అన్నాడు. ఆవిడ చెప్పారు. ఏడుపులో ఆవిడ మాట ఆయనకు అర్థం కాకపోతే నేను చెప్పాను, ఆ మాటే. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. గేదెలు ఆయన కోసం ఆగకుండా వీధి మలుపు తిరిగి వెళ్లిపోయాయి. ఆయన వాటి వైపు చూడకుండా, బట్టతల మీద ఎండ పడుతున్నా, అక్కడే నిలబడి ఉన్నాడు.